ట్రాన్స్‌జెండర్ గుర్తింపు ధృవపత్రాల విషయమై మల్లట్ మహిళల వినతిపత్రం

మల్లట్, డిసెంబరు 2025

జిల్లాధికారి, జిల్లా మేజిస్ట్రేట్ గారికి,
రాయచూరు.



మా ప్రాంతానికి జోగప్పలు, అంటే ఎల్లమ్మకు అంకితమైన ట్రాన్స్ మహిళలు, కొత్తవారు కారు. ఆ దేవత పేర చీర కట్టి చౌడికె వాద్యం పట్టి వచ్చినవారికి తల్లులు బియ్యం పోసి మొక్కిన ఊళ్లివి. వారిలో ఒకరైన మంజమ్మ జోగతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా సంతోషించాం. అయితే హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీ (1919) నాటి చట్టం ఇలాంటివారి పేర్లు దాఖలు చేయించింది. ఆడవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. రాయచూరు అప్పుడు ఆ సంస్థానంలోదే. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గానీ కొట్టివేయలేదు.

స్త్రీ ఎవరన్న చర్చ ఈ ఏడాది మా ఇళ్లలోకీ వచ్చింది. బ్రిటన్ సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో, అక్కడి సమానత్వ చట్టం వరకు స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీయేనన్నది. బిడ్డను కనలేదన్న కారణంతో ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనడం రాజ్యాంగవిరుద్ధమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జూన్‌లో చెప్పింది. మనల్ని నడిపించేది మన రాజ్యాంగం. లింగ గుర్తింపుకు శస్త్రచికిత్స జరగాలని పట్టుబట్టడం చెల్లదని మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే తీర్పిచ్చింది. శరీరధర్మం వైద్యుడికి తెలియవలసిందే. గుమాస్తాకు తెలియవలసిన అవసరం లేదు. సంతకాలు చేసినవారిలో ఎక్కువమందిమి పుట్టుకతో స్త్రీలమే అయినా ఈ మాట మా అందరిదీ.

మా మొదటి కోరిక ధృవపత్రం గురించి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై 2020లో వచ్చిన నియమాలు ప్రమాణపత్రం చాలన్నాయి. వైద్య పరీక్ష లేకుండా 30 రోజుల్లో పత్రం ఇవ్వాలన్నాయి. ఈ సంగతి కన్నడ, తెలుగు, ఉర్దూ భాషల్లో ప్రతి తాలూకా కార్యాలయంలోనూ గోడమీద ఉండాలి. చదువురానివారికి దరఖాస్తు రాసిపెట్టే మనిషిని వారానికొక రోజు కూర్చోబెట్టాలి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. నియమం తెలియనివారు హక్కును అడగలేరు, తెలియని సిబ్బంది ఇవ్వలేరు.

రెండవది, అవే నియమాలు మీ ఆధ్వర్యంలో ఉండాలన్న ట్రాన్స్‌జెండర్ రక్షణ విభాగం. దాని అధికారి ఎవరో, ఫోన్ నంబరు ఏమిటో ప్రకటించాలి.

మూడవది, జనన ధృవపత్రం. జనన నమోదు చట్టం సవరించేవరకు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పాత పేరు, లింగంతో పాటు కొత్తవీ చూపే పత్రం ఇవ్వాలని కర్ణాటక హైకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. దాన్ని గ్రామ స్థాయి రిజిస్ట్రార్లకు లిఖితపూర్వకంగా తెలపాలి.

నాలుగవది మా ఆడవారి ఆందోళనకు సంబంధించినది. ట్రాన్స్ మహిళలు కూడా వస్తే బస్టాండు మరుగుదొడ్లలో తమకు భద్రత తగ్గుతుందేమోనని కొందరు అడిగారు. అడగదగిన ప్రశ్నే. గడియ పడని తలుపు, వెలగని దీపం వారినీ ట్రాన్స్ మహిళలనూ భయపెడతాయి. ఒక్కొక్కరికి విడిగా, లోపల గడియ, నీళ్లు, వెలుతురు ఉన్న గదులు కట్టించాలి. ఉద్యోగాల సంగతికొస్తే, ట్రాన్స్‌జెండర్లకు 2021లో రాష్ట్రం ఇచ్చిన ఒక శాతం రిజర్వేషన్ స్త్రీల వాటా తీసి ఇచ్చినది కాదు. ఈ విషయం గ్రామసభల్లో అధికారులే చెబితే అపోహ పోతుంది.

వీటిలో మీ అధికారంలో ఉన్నవాటిపై తీసుకున్న చర్యను, ప్రభుత్వానికి నివేదించవలసినవాటి వివరాన్ని 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
మల్లట్ గ్రామ మహిళలు, ట్రాన్స్‌జెండర్ నివాసులు