మించాలపాడు అడిగింది మేత

కన్నెగంటి హనుమంతు అనగానే మనం ఆయన చావు గురించి చెప్పుకుంటాం. ఒంటినిండా తూటాలు, ఆఖరి క్షణాల్లో దాహం. వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. కానీ ఆయన దేని కోసం అంత పట్టుబట్టారో చెప్పేసరికి మాట ‘పన్నుల వ్యతిరేక పోరాటం’ దగ్గర ఆగిపోతుంది. అది నాకు బాధగా ఉంటుంది.

పట్టు పశువుల మేత దగ్గర వచ్చింది. ఆయన ఊరున్న పల్నాడు మెట్టసీమ. వాన మొహం చాటేస్తే పశువుకు చొప్ప కూడా దొరకదు, అడవే దిక్కు. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవిని రిజర్వు చేసింది. తాతల నాటి నుంచి మందలు మేసిన చోటికే పశువును తోలాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టాలి. కట్టకపోతే పశువు బందెలదొడ్డి పాలు, విడిపించుకోవాలంటే మళ్లీ డబ్బు. పొయ్యిలోకి పుల్లలు ఏరుకోవాలన్నా ఫారెస్టు వాళ్ల దయే. చేతిలో నాలుగు రూపాయలు ఆడని రైతు ఏడాది పొడుగునా వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

1921లో ఆ నిలబడటం ఆగింది. పుల్లరి కట్టవద్దని మించాలపాడు రైతు హనుమంతు ఊళ్లను కూడగట్టారు. పల్నాటి జనం అధికారులకు సరుకులివ్వలేదు. చాకళ్లు, మంగళ్లు ఆ అధికారుల పని చేయలేదు. నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే. రైతు పుల్లరి ఎగవేస్తే డబ్బు చేతిలో మిగులుతుంది. ఏ పూటకాపూట సంపాదించుకునేవాళ్లు పని మానేస్తే ఆ పూట కూడే పోతుంది. అయినా మానేశారు. పోరాట కథల్లో వాళ్ల పేర్లు వినిపించవు.

పరిస్థితి చూడటానికి వెళ్లిన కాంగ్రెసు నాయకులు ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి జైలుపాలయ్యారు. ‘మాలపల్లి’ ఉన్నవ జైల్లో రాసిన నవలే.

1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో హింస జరిగింది. దాంతో 12న బార్డోలీలో కాంగ్రెసు శాసనోల్లంఘనను ఆపేసింది. ఆ నెల ముగియకముందే మించాలపాడులో పోలీసుల కాల్పులకు హనుమంతు బలయ్యారు. పల్నాటి పోరును సహాయ నిరాకరణ ఉద్యమంలో ఒక పేరాగా కుదించేవాళ్లు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. బార్డోలీ తీర్మానం మర్నాడు కూడా మించాలపాడు పశువులు మేతకు పోవాల్సిందే. రైతు పేచీ అడవి మీద సర్కారు వేసిన తాళంతో. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచిందీ అటవీ చట్టాల మీద కోపంతోనే. ఈ రెంటినీ మనం వేరువేరు పాఠాలుగా చదువుకుంటున్నాం.

అడవిని నమ్ముకున్నవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. మేతనూ హక్కుగా రాసింది. అయితే గిరిజనేతరులు ఆ హక్కు పొందాలంటే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిని ఆధారం చేసుకుని అక్కడే బతుకుతున్నట్టు రుజువు చూపాలి. గొర్రెలు మేపుకునేవాడు ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? హనుమంతు విగ్రహానికి దండలు వేసే నాయకులు ముందు దీనికి జవాబు చెప్పాలి.