జీర్ణోద్ధారణము: పాతకారు తలుపుల లోపలి పలకలు



దేవాలయము శిథిలమైనపుడు మన పెద్దలు దానిని పడగొట్టుటకు ముందు జీర్ణోద్ధారణమునే తలంచెడివారు. చెడిన రాతిని మాత్రము తీసి, చెడని రాతిని యథాస్థానమున నిలుపుట దానియందలి నీతి. ఈ నీతి గుడికే గాక గృహమునందలి పాతవస్తువు లన్నిటికిని వర్తించును. ఈ మాసమున మేము దానిని పాతకారునకు అన్వయించి వ్రాయుచున్నాము. కారు సంగతి మనకేల యని కొందఱు అనుకొనవచ్చును. ఇంజనును మెకానిక్కు చూచుకొనును గాక. కాని తలుపులకు లోపలివైపున బిగించు పలకల పని గుడ్డ, జిగురు, కత్తెర, ఓర్పు అను నాలుగింటితో కూడినది. ఈ నాలుగును మన చేతులకు క్రొత్తవి కావు.

మన దేశమున నేటికిని పెక్కిండ్ల కొట్టములలో నిలిచియున్న పాతబండి అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి దీనికి మాతృక. వంగదేశమునందలి ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 1957 మొదలు 2014 వఱకు దీనిని నిర్మించిరి. ఆ నిర్మాణము ఆగిపోయినది గనుక, బండితో కూడ పుట్టిన ప్రతి భాగమును ఇప్పుడు విలువగలదే.

ప్రభుత్వమువారును ఈ విలువను గుర్తించిరి. 2021వ సంవత్సరమున మోటారు వాహన నియమములను సవరించి, 50 ఏండ్లు దాటియు మూలరూపమున నిలిచి, పెద్ద మార్పులకు లోనుగాని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయుట కేర్పాటు గావించిరి. మొదటి నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏండ్లు చెల్లును. అట్లు నమోదైన బండిని నిత్యపు రాకపోకలకు గాని, కిరాయికి గాని నడుపరాదు.

మా వీథిలో ఒక వృద్ధురాలు కలరు. మేము ఆమెను పిన్నిగారని పిలుతుము. ఆమె భర్త వైద్యులు. 1968లో కొనిన అంబాసిడరులో రాత్రివేళలనైనను పల్లెలకు పోయి రోగులను చూచెడివారు. ఆయన గతించిన పిమ్మట బండి పండ్రెండేండ్లు కొట్టములోనే యుండెను. కుమారులు దానిని బాగుచేయింప బూనగా, పనివాడు లోపలి పలకలన్నిటిని పాఱవైచి, స్పాంజి పెట్టి మెఱుగు రెక్సినుతో క్రొత్తవి వేయుదునని చెప్పెను. పిన్నిగారు మాత్రము, “నాయనా, వెనుక ఎడమ తలుపుమీద నా మోచేయి ఆని ఆని అరిగిన చోటున్నది. అది పోయినచో అది మీ నాన్నగారి బండి కాదు, మఱెవరిదో బండి” అనిరి. కుమారులు, “అమ్మా, బూజు వాసనకు పిల్లలు అందులో కూర్చుండలేకున్నారు” అనిరి.

ఇరువురి మాటయందును న్యాయము కలదు. బూజు పట్టిన పలక పసిపిల్లలకు మంచిది కాదు; జ్ఞాపకమును బజారులో కొనలేము. ఇట్టి తగవున ముందు పరీక్ష, పిదప తీర్పు. ఆమె కోడలును మేమును కలిసి పలకలను తీయించి చూచితిమి. నాలుగింటిలో మూడు గట్టిగా నున్నవి. ముందు కుడి తలుపుది మాత్రము అడుగుభాగమున అప్పడమువలె ఉబ్బి, పొరలు విడిపోయి యుండెను.

ఈ పలకలను దుకాణములలో డోరుప్యాడ్లందురు. లోపల హార్డుబోర్డు, పైని రెక్సిను. వెనుక స్ప్రింగు క్లిప్పులు. ఆ క్లిప్పులు తలుపు రేకునందలి రంధ్రములలో దిగి పలకను పట్టియుంచును. వర్షము కురియునపుడు కిటికీ అద్దము వెంబడి కొంత నీరు తలుపు లోపలికి జారుట సహజమే. తలుపు అడుగుననున్న చిన్న రంధ్రములగుండ అది వెలికి పోవును. పలకకును రేకునకును నడుమ నీరంటని కాగితమో పాలిథీను పొరయో ఉండును. రంధ్రములు మట్టితో పూడినను, నడిమి పొర చినిగినను, హార్డుబోర్డు నీరు త్రాగి ఉబ్బును, రేకు తుప్పుపట్టును. కావున కారణమును తొలగింపక క్రొత్త పలకను బిగించినచో, అదియు కొన్ని వానలకే పాతదాని గతిని పొందును.

పలకలను తీయునపుడు ముందుగా చేయిదిమ్మ మరలను, పిమ్మట అద్దము త్రిప్పు పిడిని, తలుపు తీయు పిడిని విప్పవలెను. పిడులు కొన్ని బండ్లలో అడ్డచీలతోను, కొన్నిటిలో మరతోను, కొన్నిటిలో తీగ క్లిప్పుతోను నిలిచియుండును. చూడక లాగినచో విఱుగును. చదునైన బద్దను ఒక్కొక్క క్లిప్పు ప్రక్కనే చొప్పించి మెల్లగా ఎత్తవలెను. నడుమ పట్టి లాగినచో హార్డుబోర్డు చినుగును. ప్రతి పలక వెనుకను ఏ తలుపుదో వ్రాసి, దాని మరలను క్లిప్పులను వేఱువేఱు డబ్బాలలో నుంచుడు. పోపులపెట్టె సర్దువారికి ఇది చెప్పనక్కఱలేదు.

రెక్సినును గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టవలెను. హార్డుబోర్డును తడుపరాదు. పెట్రోలును, థిన్నరును తగిలింపరాదు. అవి రెక్సినును చెఱచును. కొద్దిగా వంగిన పలకను సమతలమున పఱచి, పైని బరువుంచి కొన్ని దినములు విడిచినచో చాలవఱకు చక్కబడును. క్లిప్పు పట్టు చోటు చిరిగియుండిన, వెనుక పలుచని చెక్కముక్కను అంటించి బలపఱుపవచ్చును.

ఉబ్బిన పలకకు ఈ ఉపాయము పనికిరాదు. పిన్నిగారి ముందు తలుపునకు ఇట్లు చేయించితిమి. పాత పలకను క్రొత్త హార్డుబోర్డుమీద పఱచి, రవికకు కొలత తీసినట్లు అంచులను, రంధ్రములను గీయించితిమి. కోసిన పిమ్మట, జిగురు తగులకమునుపే తలుపునకు ఆనించి రంధ్రములన్నియు సరిపోయినవో లేదో చూచితిమి. అంచులయొద్ద వెనుకకు మడిచియున్న పాత రెక్సినును మెల్లగా విడదీసి, ఎండలో కొంచెము వెచ్చబఱచి, క్రొత్త బోర్డునకు తొడిగించితిమి. జిగురును రెండువైపుల పలుచగా పూసి, చేతికంటని పాటి ఆరిన పిదప, నడుమనుండి అంచులకు ఒత్తవలెను. మూలలయొద్ద మడతలో చీలిక కత్తిరించినచో ముద్ద కట్టదు. ఈ జిగురు ఆవిరి మండునది. వాకిటిలోనే గాని పొయ్యియున్న గదిలో ఈ పని చేయరాదు.

బిగించుటకు ముందు తలుపు అడుగు రంధ్రములను పుల్లతో పొడిచి, తుప్పును గరుకు కాగితముతో తీసి, రెడ్డాక్సైడు పూయించి, క్రొత్త పాలిథీను పొరను అంటింపవలెను. అద్దమును ఒకసారి పైకి క్రిందికి త్రిప్పి చూడవలెను; పలక బిగిసిన పిమ్మట లోపము కనబడినచో పనియంతయు మొదటికి వచ్చును. క్లిప్పులను రంధ్రములకు ఎదురుగా నిలిపి, ఒక్కొక్కదానిపై అరచేతితో ఒత్తుడు, పిడికిలితో గ్రుద్దకుడు. చివరకు చేయిదిమ్మ, పిడులు.

ఇప్పుడు ఆ బండిలో బూజు వాసన లేదు. మనుమలు వెనుక కూర్చుండి పోట్లాడుకొనుచున్నారు. అరిగిన చోటు అట్లే యున్నది. దానిపై క్రొత్త గుడ్డ వేయనీయలేదు.

తుదకు ఒక్క మాట. పాడైన మూలపలకను సైతము వెంటనే పాఱవేయకుడు. శిథిలమైన తాళపత్రమునకు ప్రతి వ్రాసికొనక మునుపు దానిని విడువరాదు గదా. ఆ పలక కొలతయు, రంగును, రంధ్రముల తీరును దానిలోనే వ్రాయబడియున్నవి. క్రొత్తది సరిగా కూర్చుండినదని కన్నులార చూచిన పిమ్మటనే పాతదానిని గూర్చి ఆలోచింపుడు. ఇంట పాతబండి కల సోదరీమణులు పనివానితో మొదట ఈ యొక్క మాట చెప్పినను మా వ్రాత సార్థకమగును.