మామిడి బెరడుపై లైకెన్లు: గీకివేయవలసిన పాచి కాదు

మామిడి కాండంపై బూడిద రంగులోనూ లేత ఆకుపచ్చ రంగులోనూ అంటుకొని ఉండే పొరలను మన రైతులు పాచి అంటారు. తిరువూరు ప్రాంతంలో వినగడప చుట్టుపక్కల పాత తోటల్లో ఇది సాధారణ దృశ్యమే. కోత ముగిసిన తరువాత కొందరు దీనిని గోనెపట్టాతో రుద్దిస్తారు. మరికొందరు కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయిస్తారు. దీనిని బూజు తెగులుగా భావించి మందు రాసి ఇచ్చే విస్తరణ సిబ్బంది కూడా లేకపోలేదు. ఈ సలహా మారవలసి ఉన్నదని నా అభిప్రాయం.

లైకెన్ అనేది శిలీంధ్రమూ శైవలమూ కలిసి జీవించే దేహం. శైవలం కిరణజన్యసంయోగక్రియ ద్వారా ఆహారాన్ని సమకూరుస్తుంది. శిలీంధ్రం నివాసాన్నీ రక్షణనూ కల్పిస్తుంది. బెరడు దానికి ఆధారం మాత్రమే, చెట్టు నుండి అది ఆహారం గ్రహించదు. బలహీనమైన చెట్టుపై లైకెన్లు ఎక్కువగా కనిపించే మాట నిజమే. కొమ్మలు పలచబడి, బెరడుపై వెలుతురు పెరిగి, చెట్టు ఎదుగుదల మందగించినప్పుడు వాటికి అనువైన చోటు దొరుకుతుంది. రైతు ఫలితాన్ని కారణంగా భావిస్తున్నాడు. మందు ఖర్చు పెట్టినా చెట్టు కోలుకోదు. వేరు, నేల, పోషకాల లోపం అట్లాగే మిగిలిపోతుంది.

ఇక ఈ పొరలో ఉన్న రసాయన సంపద సంగతి. మన అక్షాంశం వద్ద మే మొదటి పక్షంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఉష్ణమండలంపై ఓజోన్ పొర కూడా పలచనిదే. 280 నుండి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-బి కిరణాలు కణాల్లోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. వేసవిలో లైకెన్ పూర్తిగా ఎండిపోతుంది. ఎండిన స్థితిలో జీవక్రియ దాదాపు ఆగిపోతుంది కనుక జరిగిన నష్టాన్ని అప్పటికప్పుడు సరిచేసుకోలేదు. నీడకు జరిగిపోనూ లేదు. కాబట్టి కిరణాలను లోపలికి చేరకుండా పైపొరలోనే అడ్డుకోవలసి ఉంటుంది. ఆ పని చేసేవే శిలీంధ్రం తయారుచేసే ఉస్నిక్ ఆమ్లం, అట్రనోరిన్ వంటి పదార్థాలు. ఇవి శిలీంధ్ర తంతువుల బయటి గోడలపై సూక్ష్మ స్ఫటికాలుగా పేరుకొని, కింద ఉన్న శైవల కణాలకు గొడుగు పడతాయి.

మన దేశపు మైదానాల్లో మామిడి కాండంపై తరచుగా కనిపించే పిక్సైన్ కొకోయస్ అనే లైకెన్‌లో లైకెక్సాంథోన్ అనే పదార్థం ఉంటుంది. రాత్రివేళ యూవీ టార్చిలైటు వేస్తే ఆ పొర పసుపుపచ్చగా మెరుస్తుంది. కంటికి కనిపించని కిరణాన్ని గ్రహించి కనిపించే వెలుగుగా విడుదల చేస్తుందన్నమాట. విద్యార్థులకు ఇంతకంటే తేలికైన ప్రయోగపాఠం మరొకటి ఉండదు.

అయితే రంగు ఉన్న ప్రతి పదార్థమూ యూవీ కవచం కాదు. జాంథోరియా అనే లైకెన్‌కు నారింజ రంగునిచ్చే పేరైటిన్‌ను నార్వే శాస్త్రవేత్తలు సోల్‌హౌగ్, గౌస్లా అసిటోన్‌తో కడిగి తొలగించి, 1996లో ఫలితాలు ప్రకటించారు. ఎండిన లైకెన్ అసిటోన్‌కు చావదు. కానీ రంగు పోయిన తరువాత తీవ్రమైన కాంతికి ఎక్కువగా దెబ్బతిన్నది. ఆ వర్ణకం ప్రధానంగా అడ్డుకొనేది నీలికాంతినని తదుపరి పరిశీలనలు తేల్చాయి. సహజ యూవీ రక్షణ అనే మాటను వాడే ముందు ఇటువంటి తేడాలు గమనించాలి.

ఈ రంగం తెలుగునేలకు కొత్తదేమీ కాదు. ఆచార్య టి.ఆర్. శేషాద్రి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాలంలో, 1940వ దశకంలో, తమ శిష్యులతో కలిసి భారతీయ లైకెన్ల రసాయన పరిశీలనపై వ్యాసపరంపర ప్రచురించారు. తూర్పుతీరపు చెట్లపై పెరిగే రోసెల్లా మాంటాగ్నై అందులో ఒకటి. ఆ కృషిని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అందుకొని ముందుకు తీసుకొనిపోకపోవడం విచారకరం.

సన్‌స్క్రీన్ లేపనాల తయారీదారులు నేడు లైకెన్లవైపు చూస్తున్నారు. పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ కలిగిన లేపనాల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 నుండి నిషేధించింది. సహజ పదార్థాలకు గిరాకీ పెరగడానికి ఇదొక కారణం. ఇక్కడే నాకు భయం. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగదు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. దానికోసం హిమాలయ అడవుల్లో ఎంత సేకరణ జరుగుతున్నదో తెలిసిందే. లేపనాల కోసం మరో సేకరణ మొదలైతే తట్టుకొనే శక్తి ఈ జీవులకు లేదు. సహజమైనది గనుక నిరపాయకరమన్న వాదమూ నిలవదు. ఉస్నిక్ ఆమ్లం కలిగిన బరువు తగ్గించే మందు వల్ల కాలేయం దెబ్బతింటున్నదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2001లోనే హెచ్చరించింది.

మనకు దగ్గరి ప్రయోజనం లేపనంలో లేదు, పిచికారీ ట్యాంకులో ఉన్నది. మిరప, పత్తిపై శనగపచ్చ పురుగుకు, లద్దెపురుగుకు మనం సిఫారసు చేసే ఎన్.పి.వి. వైరస్ ద్రావణం ఎండకు త్వరగా నిర్వీర్యమవుతుంది. బి.టి., వేపలోని అజాడిరాక్టిన్ పరిస్థితి కూడా అంతే. అందుకే సాయంత్రంవేళ, బెల్లమూ రాబిన్ బ్లూ వంటి నీలిమందూ కలిపి కొట్టమంటాము. బట్టలకు పెట్టే నీలిమందు దగ్గరే ఇన్ని దశాబ్దాలుగా ఆగిపోయామంటే లోపం రైతుది కాదు. లైకెన్ పదార్థాలను ఇక్కడ పరీక్షించాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ఉస్నిక్ ఆమ్లం మొక్కల్లో హెచ్.పి.పి.డి. ఎంజైమును అడ్డుకొని ఆకులను తెల్లబరచగలదు. వైరస్‌ను కాపాడబోయి మిరప ఆకును మాడ్చకూడదు కదా! అట్రనోరిన్, లైకెక్సాంథోన్‌లకు కూడా మొదట పంట భద్రత పరీక్ష జరగాలి.

పదార్థం ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు అడవి సమాధానం కానవసరం లేదు. శైవలం నుండి వేరుచేసిన శిలీంధ్రం ప్రయోగశాలలో తరచు ఈ పదార్థాలను తయారుచేయదు, నిజమే. కానీ అట్రనోరిన్ తయారీకి కారణమైన జన్యువులను శనగపై ఆస్కోకైటా తెగులు కలిగించే శిలీంధ్రంలోనికి చొప్పించి, ఆ పదార్థాన్ని ఉత్పత్తి చేయించిన ఫలితం 2021లో వెలువడింది. మన తెగుళ్ల విభాగాలకు బాగా పరిచయమైన శిలీంధ్రమే అది.

ఈలోగా విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినది ఖర్చులేని పని. మామిడి రైతుకు లైకెన్ తెగులు కాదని చెప్పాలి. బంక కారే చోట గాయాన్ని శుభ్రపరచి బోర్డో పేస్టు పూయమనాలి, అక్కడ మాత్రమే. మిగిలిన కాండాన్ని అట్లాగే వదిలివేయమనాలి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు టార్చిలైటుతో, చేతి భూతద్దంతో ఒక్క మండలంలోని తోటలు తిరిగితే ఏయే రకాలు ఉన్నవో, రాగి మందు కొట్టిన తోటకూ కొట్టని తోటకూ తేడా ఎంతో నమోదు చేయవచ్చు. రాగి లైకెన్లను చంపుతుంది కనుక తేడా స్పష్టంగానే కనిపించగలదు. ఇందుకు ఒక్క సీజను చాలు.