కౌజు పిల్లకు వంశ మడుగవలదా?

చార్మినారు చేరువను, మహబూబ్ చౌకు గడియార స్తంభమునకు సమీపమున పక్షుల బేరము సాగు ముర్గీ చౌకులో, అసీలు పుంజును కొనువాడు దాని తండ్రితాతలనుగూర్చి తరచి తరచి యడుగును గాని, పెంపకమునకై కౌజు పిల్లలను కొనువాడు వెల దక్క వేఱేమియు విచారింపడు.

ఈ యుపేక్షకు మూల్యము పొదుగు యంత్రముకడనే చెల్లింపవలసివచ్చును. 1974లో మన దేశమునకు వచ్చిన జపాను కౌజు 17, 18 దినములలో గ్రుడ్డు వెడలి, 6, 7 వారములకే తాను గ్రుడ్లు పెట్టును. తరములింత వడిగా దొరలుటచే, క్రొత్త మగపక్షులను చేర్పక తోబుట్టువులనే జతగూర్చు రైతు, ఒక్క యేట మూడునాలుగు తరముల సగోత్ర దోషమును మూటగట్టుకొనును. ఆ దోషమును కౌజు కోడికంటెను తక్కువగా సహించును: ఫలదీకరణము సన్నగిల్లును, పిండములు పెంకులోనే మృతినొందును, మిగిలినవి కృశించును.

పిల్ల తొలి బరువు మాత్రము తల్లి సొత్తు. పది గ్రాముల గ్రుడ్డునుండి ఇంచుమించు ఏడు గ్రాముల పిల్ల వెలువడును. వారములు గడచుకొలది ఆ ప్రభావము క్షీణించి, తల్లిదండ్రు లుభయుల వంశగుణములు బయలుపడును గనుక, బొద్దు పిల్లను జూచి మురియుట తొందరపాటు.

రాజేంద్రనగరున జాతీయ కోళ్ళ పరిశోధన సంస్థ నెలకొన్న యీ నగరమందైనను, పిల్లల బుట్టతోపాటు జనకుల వయస్సును, మగ ఆడ పక్షుల నిష్పత్తిని, క్రొత్త మగపక్షులను చేర్చిన తేదిని తెలుపు చీటీ నిచ్చుట విధిగా నుండవలెను. (తినువానికి పట్టకపోవచ్చును; అప్పు చేసి షెడ్డు వేసినవానికి పట్టును.) వ్యయమధికమని పొదుగుశాలలవారందురేమో, కావలసినది కాలి కడియములును, ఒక నోటుపుస్తకమును మాత్రమే.