మన మాట బరువు ఎవరు తూస్తున్నారు?



ఎన్నికలొస్తే టీవీల్లో చెప్తరు: ఎస్టీల్లో ఇంత శాతం ఈ పార్టీకి, అంత శాతం ఆ పార్టీకి అని. మనల్నెవరూ అడగలేదు కదా, ఈ లెక్క యాడికెళ్లి వచ్చింది?

సర్వేవాళ్లు కొన్ని వేలమందినే అడుగుతారు. వెయ్యి మందిలో ఎస్టీలు 50 మందే దొరికారనుకోండి. జనగణన ప్రకారమేమో 90 మంది ఉండాలి. అప్పుడు ఆ 50 మందిలో ఒక్కొక్కరి జవాబును 1.8 మంది జవాబుగా లెక్కేస్తారు. దీన్నే వెయిట్ వేయడం అంటారు. పద్ధతి తప్పు కాదు. కానీ రెండు చిక్కులున్నాయి.

ఒకటి, కొలబద్ద పాతది. 2021 జనగణన జరగనే లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 6.36 లక్షల ఇళ్లకు పోయింది. ఏ ఊరికి, ఏ వార్డుకు పోవాలో ఎంచుకున్నది మాత్రం 2011 జాబితా నుంచే. అప్పట్లో మన తుర్కయాంజాల్ గ్రామ పంచాయతీ. తర్వాత మున్సిపాలిటీ అయింది. పనికీ చదువుకీ ఇక్కడికొచ్చిన మనోళ్లు ఆ పాత జాబితాలో ఎక్కడున్నారు? లోక్‌నీతి లాంటి సంస్థలు ఓటరు జాబితా నుంచి పేర్లు తీస్తాయి. ఓటేమో ఊర్లో, మనిషేమో ఇక్కడ. రెండు చోట్లా దొరకడు.

రెండోది ఇంకా పెద్దది. వెయిట్ సంఖ్యను సరిచేస్తుంది, గొంతును కాదు. దొరికిన 50 మందీ రోడ్డు పక్కనోళ్లే అయితే, 1.8తో గుణిస్తే వాళ్ల మాటే పెద్దగా వినిపిస్తది. సర్వేవాళ్లు పోని గూడెం మాట ఎట్లా వస్తది? పైగా చెంచు, కోయ, గోండు, కొలాం, లంబాడా అందరినీ 'ఎస్టీ' అనే ఒక్క గడిలో వేస్తారు.

లెక్కతో మనకేం పని అనకండి. తెలంగాణ ఎస్టీలు 2011 జనగణనలోనే 9 శాతం పైచిలుకు. అయినా 2022 దాకా రిజర్వేషన్ 6 శాతమే. 10 శాతం కోసం కొట్లాడినప్పుడు మన చేతిలో ఉన్న ఆయుధం ఆ సంఖ్యే. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి చేసిన కులగణనలో మనం 10.45 శాతమని తేలింది.

ఇక 2027 జనగణన. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి సర్వేకూ అదే తూకంరాయి. అద్దె గదిలో ఉన్నా, హాస్టల్లో ఉన్నా, గుడిసెలో ఉన్నా పేరు రాయించండి. తెగ పేరు, మాతృభాష స్పష్టంగా చెప్పండి. రాసింది చదివించుకోండి. సర్వే అంకె చూపించి ఎవరైనా "ఆదివాసీలు ఇట్లనుకుంటున్నారు" అంటే అడగండి: ఎంతమందిని అడిగారు? ఏ గూడెంలో? ఏ భాషలో?

జై ఆదివాసీ!