గ్రాపుల్ మన పొలానికి సరిపోవాలి, వీడియోకి కాదు



పైన వీడియోలో లోడర్ బకెట్ మీద ఒక ఇనుప పంజా కనిపిస్తుంది కదా, దాన్నే గ్రాపుల్ అంటారు. కింద బకెట్, పైన పంజా. రెండూ దవడల్లాగా కంపను పట్టుకుంటాయి. "ఎక్కడ కొన్నవ్ తమ్మీ, ఎంతైంది?" అని చాలామంది అడుగుతున్నారు. కొనలేదు, చేయించుకున్నాం. ఎట్ల చేశామో వీడియోలో ఉంది. ఇంత చిన్నగా ఎందుకు చేశామో ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే మన రైతులు చాలామంది బయటి దేశాల వీడియోలు చూసి, అట్లాంటిదే పెద్దది చేయించుకోవాలనుకుంటున్నారు. అది మనకు అవసరం లేదు, పైగా ప్రమాదం. ఇది నా గట్టి అభిప్రాయం.

అసలు ఎందుకు కావాలి?

ఆచ్ఛాదన గురించి మాట్లాడటం తేలిక, మోయడం కష్టం. ప్రకృతి వ్యవసాయంలో జీవామృతానికి డ్రమ్ము, కర్ర ఉంటే చాలు. ఆచ్ఛాదనకు మాత్రం ఎకరానికి బండ్లకొద్దీ చెత్త కావాలి. చివరి ఏరుడు అయిపోయాక మన దగ్గర పత్తి కట్టె ఏమవుతోంది? పీకి, కుప్ప పోసి, అగ్గి పెడుతున్నారు. రైతుకు తెలియక కాదు, మోసే మనుషులు దొరకక. కంది కట్టె, ఆముదం కట్టె, గట్ల మీద సర్కారు తుమ్మ కంప, అన్నిటిదీ అదే కథ.

పత్తి కట్టెను కుప్పలుగా చేను పక్కన నెలల తరబడి ఉంచడమూ మంచిది కాదు. అందులో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంట మీదికి వస్తుంది. అందుకే కట్టెను ష్రెడ్డర్‌లో ముక్కలు చేసి భూమికి ఇవ్వడమే మేలు. కట్టెను ష్రెడ్డర్ దాకా చేర్చే పని దగ్గరే అంతా ఆగిపోతోంది. ఉత్త బకెట్‌తో తోస్తే కట్టె ముందుకు జారుతుంది, ఎత్తితే సగం కిందపడుతుంది. పైనుంచి పట్టే ఒక్క పంజా ఉంటే ఆ పని అవుతుంది.

"ప్రకృతి వ్యవసాయంలో ట్రాక్టర్ ఏంది?" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. తడి నేల మీద లోడర్ తిప్పితే నేల గట్టిపడుతుంది, వాపస చెడుతుంది. అందుకే మేము ట్రాక్టర్‌ను బండ్లబాట మీదే నడుపుతాం, చేను అంచున దింపి అక్కడినుంచి మనుషులతో పరుస్తాం. అగ్గి పెట్టడం, ట్రాక్టర్‌తో మోయడం, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను రెండోదే ఎంచుకుంటాను.

బలం ఎంత కావాలి?

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. బయటి దేశాల గ్రాపుల్ దుంగలకు, బండరాళ్లకు చేసింది. మనం పట్టేది కంప, కట్టె, వరిగడ్డి, కొబ్బరి మట్టలు. కంప చోటు ఎక్కువ తీసుకుంటుంది, బరువు తక్కువ.

40 ఎంఎం బోరు జాకీకి 150 బార్ ప్రెషర్ ఇస్తే దాదాపు 1,900 కేజీల తోపుడు వస్తుంది. జాకీ కొసను పంజా పిన్నుకు 20 సెంటీమీటర్ల దూరంలో బిగించి, పంజా పొడవు 80 సెంటీమీటర్లు పెడితే, కొన దగ్గర అందులో నాలుగో వంతు, అంటే 475 కేజీల పట్టు మిగులుతుంది. జాకీ పూర్తిగా ముడుచుకున్నప్పుడు, పూర్తిగా చాచినప్పుడు కోణం మారి ఇంకొంచెం తగ్గుతుంది. అయినా కంపకు ఇది చాలా ఎక్కువ. అదే 50 ఎంఎం జాకీ వేస్తే కొన దగ్గర 750 కేజీలు దాటుతుంది. అంత బలం కంపను పట్టడానికి అక్కర్లేదు, బకెట్ అంచును వంచడానికి మాత్రం పనికొస్తుంది.

రెండోది బరువు. 10 ఎంఎం ప్లేటు ఒక్క చదరపు అడుగు 7.3 కేజీలు తూగుతుంది. పళ్లు, పైపు, జాకీ, పిన్నులు అన్నీ కలిపి చూసుకోండి. లోడర్ 500 కేజీలు ఎత్తేదైతే, 150 కేజీల గ్రాపుల్ బిగించాక ఎత్తగలిగేది 350 మాత్రమే. పైగా ఆ బరువంతా ట్రాక్టర్ ముందు ఇరుసు మీద పడుతుంది. మన దగ్గర ఎక్కువ టూ వీల్ డ్రైవ్ బండ్లే. వెనుక రోటవేటరో, బరువు పెట్టెనో తగిలించకుండా లోడర్ వాడకండి. అందుకే నేను రెండు పంజాలు వద్దు, మధ్యలో ఒక్క పంజా, నాలుగు పళ్లు చాలు అంటాను.

ముందు అట్ట, తర్వాతే ఇనుము

వెల్డింగ్ షాపుకు పోయే ముందు ప్లైవుడ్ మీదనో, మందపాటి అట్ట మీదనో అసలు సైజులో గీసి కోయండి. మేకును పిన్నుగా పెట్టి తిప్పి చూడండి. మూసినప్పుడు పళ్లు బకెట్ అంచు దాటి రావొద్దు. తెరిచినప్పుడు లోడర్ చేతులకు తగలొద్దు. జాకీ, పిన్ను ఒకే గీత మీదికి వచ్చే చోటు ఎక్కడా ఉండొద్దు, అక్కడ పంజా బిగుసుకుపోతుంది. కొస 20 సెంటీమీటర్ల దూరంలో ఉండి పంజా 75 డిగ్రీలు తిరగాలంటే దాదాపు 24 సెంటీమీటర్ల స్ట్రోక్ కావాలి. అంటే 250 ఎంఎం జాకీ సరిపోతుంది. ఆయిల్ నిమిషానికి 20 లీటర్లు వస్తే ఈ జాకీ సెకనులోపే కొట్టేస్తుంది. కాబట్టి వేగం తగ్గించే వాల్వ్ తప్పనిసరి. హోస్ పైపు పగిలినా పంజా తెరుచుకోకుండా లాక్ వాల్వ్ కూడా పెట్టించండి.

పాత లారీ కమాన్ పట్టీలతో పళ్లు చేస్తే చవక అంటారు. నిజమే, కానీ అది స్ప్రింగ్ స్టీలు. వేడి చేయకుండా మామూలు రాడ్డుతో అతికిస్తే వెల్డింగ్ పక్కనే పగుళ్లు వస్తాయి. మన పనికి మామూలు ఎంఎస్ ప్లేటు చాలు. పంజాను బకెట్‌కు నేరుగా అతికించకుండా బోల్టులతో బిగించుకునేలా చేయించండి. ఎరువు ఎత్తేటప్పుడు తీసేయొచ్చు. ట్రాక్టర్ మీదనే వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ వైరు తీసేయండి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టండి.

ఈ పనికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మా షెడ్డు నారపల్లిలో, పొలం ఘట్‌కేసర్ దాటాక. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు దగ్గర్లోనే ఉన్నాయి. ప్లేటు కోసేవాళ్లు, లేత్ మిషన్లో పిన్నూ బుష్షూ తిప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర నైపుణ్యం ఉంది, మన దగ్గర అవసరం ఉంది. మధ్యలో లేనిది ఒక మంచి డ్రాయింగ్ మాత్రమే.

డ్రాయింగ్ అందరిదీ కావాలి

ఇదే వరంగల్ రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే ఆలేరు వస్తుంది. అక్కడి చింతకింది మల్లేశం గారు అమ్మ భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మిషన్ నుంచి కాదు, మనిషి పడే కష్టం నుంచి మొదలుపెట్టారు. ఇట్లాంటివాళ్లను వెతుక్కుంటూ బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన ఊరూరా నడుస్తోంది. ఫ్రాన్స్‌లో 'లాటెలియే పేజాన్' అనే సహకార సంస్థ ఉంది. సేంద్రియ రైతులు అక్కడ కలిసి కూర్చుని తమ పనిముట్లు తామే చేసుకోవడం నేర్చుకుంటారు, డ్రాయింగులను అందరికీ ఉచితంగా ఇస్తారు. విత్తనం మనదే ఉండాలని కొట్లాడే మనం, పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఊరుకుంటున్నాం?

నేను వ్యాపారం చేసేవాణ్నే. గ్రాపుల్ చేసి అమ్మితే నాకూ నాలుగు రూపాయలు వస్తాయి. అయినా కొలతలు దాచుకోవద్దనే అంటాను. ఒక్కో రైతు ఒకటి కొనే వస్తువు కాదిది. కట్టె పీకే సీజన్లో కొన్ని వారాలే దీని పని. పది మంది రైతులు కలిసి ఒకటి చేయించుకుని, గంట లెక్కన వాడుకుంటే బాగుంటుంది.

వీడియోలు పెట్టే మిత్రులకు ఒక మాట. పెద్ద దుంగ ఎత్తి చూపిస్తే వ్యూస్ వస్తాయి. కానీ మన వీడియో చూసి ఒక రైతు రేపు పొద్దున వెల్డింగ్ షాపుకు పోతాడు. కాబట్టి ఐదు లెక్కలు తప్పకుండా చెప్పండి: ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీ, లోడర్ ఎంత ఎత్తుతుంది, గ్రాపుల్ బరువెంత, జాకీ బోరు ఎంత, పిన్ను మందం ఎంత. వీటితో పాటు మూడు జాగ్రత్తలూ చెప్పండి. ఎత్తిన లోడర్ కింద మనిషి నిలబడొద్దు. బరువుతో నడిపేటప్పుడు బకెట్ కిందికే ఉండాలి. ఆయిల్ లీకును చేత్తో తడిమి చూడొద్దు, అట్ట ముక్క పెట్టి చూడాలి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మం లోపలికి దూరుతుంది, చెయ్యే పోవచ్చు.

మా పంజా కొలతలన్నీ వీడియోలో రాసి చూపించాను. తీసుకోండి, మీ బకెట్‌కు తగ్గట్టు మార్చుకోండి. మార్చినవి మళ్లీ అందరికీ చెప్పండి.