సింహళమునకు దారి: ఓడయా, విమానమా?

ప్రయాణమునకు వాహనము నెంచుకొనుట ఎవరి సొంతవిషయము వారిదని లోకులు తలంతురు. ధనముగలవాడు విమానమెక్కును, లేనివాడు రైలెక్కును. తొందరగలవాడొక దారిని, తీరికగలవాడు వేఱొక దారిని పోవును. ఇందు పత్రికలు చర్చింపదగినదేమున్నదని యడుగువారుందురు. ఊరినుండి ఊరికి పోవునపుడు ఈ మాట కొంతవరకు చెల్లును. ఎల్ల దాటి పొరుగుదేశమునకు పోవునపుడు మాత్రము చెల్లదు. అచ్చట దారులు కొన్నియే. ఆ కొన్నియు ఎక్కువారుండిన నిలుచును, లేకున్న మూతబడును. ఒకసారి మూతబడిన దారి మరల తెఱచుకొనుటకు ఒక్కొక్కప్పుడు ఒక తరము పట్టును. కావున మనమెక్కు వాహనము మన సౌఖ్యమునే గాక, మన వెనుక వచ్చువాని యవకాశమును గూడ నిర్ణయించుచున్నది.

ఇందుకు నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. బెజవాడ వీధులలో తిరుగువారు దినమున కెన్నిమారులో కాలువల వంతెనలు దాటుచుందురు. ఒకప్పుడీ కాలువలు పొలములకు నీరిచ్చుటతో తృప్తిపడక జనులను గూడ మోసినవి. కాకినాడనుండి ఏలూరు కాలువ మీదుగ బెజవాడకును, ఇచ్చట కృష్ణను దాటి కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల మీదుగ చెన్నపట్టణమునకును పడవలు నడచుచుండెను. 1899లో చెన్నపట్టణపు రైలుమార్గము పూర్తియయ్యెను. పిమ్మట బస్సులును లారీలును వచ్చెను. పడవ నెక్కువారు తగ్గిరి. వారు తగ్గినకొలది పూడిక తీయువారి శ్రద్ధయు తగ్గెను. పూడిక పెరిగినకొలది మిగిలినవారును పడవను విడిచిరి. 2008లో ఆ మార్గమును నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చి ప్రకటించిరి గాని, నాటినుండి కాగితములు కదలినంతగ పడవలు కదలలేదు. విడుచుట సులభము, తిరిగి పట్టుట కష్టము.

ఇక ప్రస్తుత విషయము. మన కృష్ణాతీరమునుండి సింహళయాత్రకు, అనగా నేటి శ్రీలంకకు, పోవువారు పలువురు కలరు. అనూరాధపుర స్తూపములను చూడగోరువారు కొందఱు, రామకథాస్థలములని చెప్పబడు చోట్లు చూడగోరువారు కొందఱు, ఊరక దేశము చూడగోరువారు కొందఱు. వీరిలో అధికసంఖ్యాకులు చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పోయి విమానమెక్కుదురు. చెన్నపట్టణమునుండి కొలంబోకు గంటన్నరలోపలి ప్రయాణము. నిద్రపట్టునంతలో దిగవలసి వచ్చును. అయితే దీనికంటె వేఱొక దారి కలదని వీరిలో చాలమందికి తెలియదు. తమిళదేశపు నాగపట్టణము రేవునుండి యాళ్పాణపు సీమలోని కంకేశన్‌తురై రేవునకు ప్రయాణికుల ఓడ యేర్పడినది. సుమారు నాలుగు గంటల ప్రయాణము. 2023 అక్టోబరు 14న 150 మంది పట్టు చిన్న ఓడతో ఇది ప్రారంభమై, ఋతుపవనము వచ్చుటతో కొలదిదినములకే ఆగెను. 2024 ఆగస్టులో వేఱొక యోడతో మరల మొదలయ్యెను. ఆ సంవత్సరాంతమున గాలివానలకు నిలిచి, 2025 ఫిబ్రవరిలో మరల సాగెను. ఈ ఓడ నిలుచునా, నిలువదా యను ప్రశ్న నేటికిని తీరలేదు. ఆ ప్రశ్నకు సమాధానము కొంత మన చేతిలో నున్నది.

సింహళముతో మన సంబంధము నిన్నమొన్నటిది గాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ పేర్కొనిన కంటకస్సూల మన దివిసీమ చెంతనున్న ఘంటసాలయే యని చరిత్రకారులు గుర్తించిరి. నాగార్జునకొండ శాసనమున సింహళవిహారము పేరును, తామ్రపర్ణి యాచార్యుల పేరును కానవచ్చును. ఆ భిక్షువులు వచ్చినది సముద్రము మీదుగనే. నాడు మనకును ఆ ద్వీపమునకును నడుమనున్న నీరు గోడ గాదు, వీధి.

ఆ వీధి ఇటీవలి కాలమున ఎట్లు మూతబడెనో చూతము. 1914లో పాంబన్ వంతెన పూర్తికాగా, చెన్నపట్టణమున టిక్కెట్టు కొన్నవాడు రైలులో ధనుష్కోటికి పోయి, అచ్చట ఓడనెక్కి, సుమారు 35 కిలోమీటర్ల నీరు దాటి, తలైమన్నారులో మరల రైలెక్కి కొలంబో చేరుచుండెను. బోటుమెయిలని దానికి పేరు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోటిని తుడిచివేసెను. ప్రయాణికులతో నున్న రైలొకటి సముద్రమున గలిసెను. ఆ పిమ్మట రామేశ్వరమునుండి ఓడ నడచెను గాని, 1980వ దశకమున సింహళములో అంతర్యుద్ధము చెలరేగుటతో అదియు నిలిచెను. 2025 ఏప్రిల్ 6న పాంబనులో క్రొత్త వంతెన తెఱవబడినది. చూడ ముచ్చటైన వంతెన. కాని దానిమీద పోవు రైలు రామేశ్వరముతో ఆగును. ఒక రాత్రి తుపాను, కొన్ని యేండ్ల యుద్ధము కలిసి తెంచిన దారి, తుపాను వెలిసి, 2009లో యుద్ధము ముగిసిన పిదపను అతుకుకొనలేదు.

అతుకుటకు ప్రయత్నము జరుగకపోలేదు. 2011 జూనులో తూత్తుకుడినుండి కొలంబోకు స్కోషియా ప్రిన్స్ అను పెద్ద ఓడను నడపిరి. వేయిమందికి మించి పట్టు ఓడ. ఆ సంవత్సరము నవంబరు నాటికే అది నిలిచిపోయెను. ఎక్కువారు చాలలేదు, వ్యయము గిట్టలేదు.

అదే తూత్తుకుడిలో నూఱేండ్లకు పూర్వము జరిగిన కథ దేశాభిమానులందఱును ఎఱిగినదే. అచ్చటి వకీలు వి. ఓ. చిదంబరం పిళ్ళె 1906లో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించి, కొలంబోకు సొంత ఓడలు నడపెను. గేలియా, లావో అను రెండు స్టీమరులు సంపాదించెను. అంతవరకు ఆ మార్గమున ఏకచ్ఛత్రముగ నేలుచుండిన బ్రిటిష్ ఇండియా కంపెనీ టిక్కెట్టు వెల తగ్గించెను. చివరకు ఊరకయే యెక్కించుకొని గొడుగు గూడ బహుమానముగ నీయజూచెనని ప్రసిద్ధి. 1908లో చిదంబరం పిళ్ళెను రాజద్రోహనేరము మోపి చెఱసాలకు పంపిరి. సంఘము 1911 నాటికి మూతబడెను. ప్రభుత్వపు కాఠిన్యము దానిని చంపెననుట నిజమే. అయినను ఒక మాట మరువరాదు: ఆ సంఘము నిలిచినంతకాలము దానిని నిలిపినది ఉపన్యాసములు గావు, చౌకటిక్కెట్టును కాదని స్వదేశీ ఓడ నెక్కిన సామాన్య ప్రయాణికుడు. నాడు వానిని ఆకర్షించుటకు గొడుగు చూపిరి. నేడు వేగము చూపుచున్నారు. నేటి విమానము పరప్రభుత్వము వారిది గాదు, దానియందు మాకు ద్వేషమును లేదు. కాని ఎక్కువాడు లేని ఓడ మునుగునన్న న్యాయము మాత్రము మారలేదు.

దారి ఒక్కటే మిగిలిన కలుగు కష్టము తెలుగువారికి తెలిసినంతగ ఇతరులకు తెలియదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి వేలకొలది కూలీలు ఓడ డెక్కుమీద కూర్చుండి రంగూనునకు పోయి అచ్చటి రేవులలో మూటలు మోసిరి. మన కోరంగి రేవు పేరే వారికి బర్మాలో జాతినామమయ్యెను. 1937 ఏప్రిల్ 1న బర్మా హిందూదేశమునుండి వేఱుపడి పరదేశమయ్యెను. 1941 డిసెంబరు 23న రంగూనుమీద బాంబులు పడెను. 1942 మార్చిలో ఆ నగరము జపానువారి వశమయ్యెను. ఓడలలో చోటు చాలలేదు. విమానము పేదవానికి అందునది గాదు. లక్షలాది జనులు ఆరకాను కనుమలగుండను, తమూ–ఇంఫాలు దారిని, కొండలును అడవులును దాటి కాలినడకను వచ్చిరి. త్రోవలో కలరాకును, ఆకలికిని వేలమంది బలియైరి. వారు కాలినడక నెంచుకొనలేదు; ఎంచుకొనుటకు వారికేమియు మిగులలేదు. నేడు ఆంధ్రతీరమునుండి రంగూనుకు ప్రయాణికుల ఓడ యనునది లేదు; విశాఖపట్టణమున బర్మా క్యాంపను పేట పేరు మాత్రము మిగిలినది. ఎంచుకొను స్వేచ్ఛ ఆపదవేళ పుట్టునది గాదు, సుభిక్షకాలమున కాపాడుకొనవలసినది.

ప్రతిపక్షపు వాదము వినక తీర్పు చెప్పుట న్యాయము గాదు. ఓడప్రయాణము ఆలస్యమందురు. నిజమే, బెజవాడనుండి చెన్నపట్టణము, అచ్చటనుండి రాత్రిరైలులో నాగపట్టణము, పిమ్మట నాలుగు గంటల సముద్రము. ఎంత త్వరపడినను ఒకటిన్నర దినమునకు తక్కువ గాదు. సముద్రము కొందఱికి సరిపడదందురు, అదియు నిజమే. గాలివానల మాసములందు ఓడ నమ్మదగినది గాదందురు. అది అన్నిటికంటె నిజము. కావున వృద్ధులును, రోగులును, పనితొందర గలవారును విమానమున పోవుటయే యుక్తము. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. మా మాట తీరికయు, దేహబలమును గల యాత్రికుని గూర్చినది. వాడైనను ఓడనెక్కకున్న మఱెవ్వడెక్కును?

అట్టివానికి మా సలహా ఇది. పోవునపుడు ఓడలో పొండు, వచ్చునపుడు కావలసిన విమానములో రండు. ఇందు ఉపాయము కలదు. పోవునాడు ఓడ ఆగినయెడల మీరింకను స్వదేశముననే యుందురు. నాగపట్టణమునుండి తిరుచిరాపల్లికి పోయి అచ్చటినుండి కొలంబోకు విమానమెక్కవచ్చును. వచ్చునాడు ఓడ ఆగినయెడల పరదేశమున చిక్కుకొందురు. ఇంటినుండి కదలుటకు ముందే ఓడ నడచుదినములను విచారించి, టిక్కెట్టు ముందుగ కొని, ఒక దినము తీరిక యుంచుకొనుడు. పాస్‌పోర్టు వెంటనుండవలెను, ప్రవేశానుమతి నియమములు తఱచు మారుచుండును గనుక వానిని గూడ విచారింపవలెను. ఇంకొక లాభము కలదు. విమానము దింపునది కొలంబో చెంత. ఓడ దింపునది ద్వీపపు ఉత్తరకొనయందు. యుద్ధకాలమున, 1990లో, తెగిన యాళ్పాణపు రైలుదారి 2015 జనవరినాటికి కంకేశన్‌తురై వరకు మరల వేయబడినది. అనూరాధపురము ఆ దారిలోనిదే. అమరావతి స్తూపమునొద్దనుండి బయలుదేరినవాడు కొలంబోను చూడకయే అనూరాధపుర స్తూపములను చేరవచ్చును. త్రోవలో, యుద్ధమున నలిగి మరల నిలిచిన యొక జనసమూహమును చూచును. మేఘములమీద పోవువానికి ఆ దర్శనము లభింపదు.

ప్రభుత్వముల బాధ్యతయు కలదు. ఓడ నడచు దినములను ఋతువునకు ముందే ప్రకటించి ఆ మాట నిలుపుకొనవలెను. ఓడ ఆగినపుడు డబ్బు వెంటనే తిరిగి యీయవలెను. రైలు టిక్కెట్టును ఓడ టిక్కెట్టును ఒక్కచోట దొరకునట్లు చేయవలెను. బోటుమెయిలు నూఱేండ్లకు పూర్వము చేసినపని నేడసాధ్యమని యెవరనగలరు? మన రాష్ట్రమువారికి ప్రత్యేకముగ ఒక విన్నపము. మంగినపూడియొద్ద 2023లో పనులారంభమైన బందరు రేవు సరకులకొఱకే తలపెట్టబడినది. బొగ్గునకును పెట్టెలకును చోటు కల్పించువారు, మనుష్యులు దిగుటకొక మెట్టును గూడ నేటినుండియే ఆలోచింపవలెను. రేపు ఓడ రాకపోవచ్చును. కాని రేవు కట్టిన పిమ్మట మెట్టు కట్టుటకంటె, రేవుతోడనే కట్టుట సులభము.

ప్రభుత్వము సుంకము తగ్గింపవచ్చును, రేవు కట్టవచ్చును, ఓడకు సాయమీయవచ్చును. ప్రయాణికుని మాత్రము పుట్టింపజాలదు. ఆ పని మనది. ఈ సంవత్సరము సింహళము పోదలచిన మిత్రులు టిక్కెట్టు కొనబోవునపుడు గడియారమును చూచినట్లే, ఆ చిన్న ఓడలోని ఖాళీ కుర్చీలను గూడ ఒక్కమారు తలంచుకొందురుగాక.